పాపం, నందు!

తెలుగు టెలివిజన్ ధారావాహికలో భార్యను వంచించిన భర్త ప్రేక్షకుల సానుభూతికి అర్హుడా అన్న ప్రశ్న పైకి కాలక్షేపపు కబురులా కనిపించినా, కథలోని మనిషి పట్ల మనసు కరగడం అంటే ఏమిటి, ఆ కరుగుదల ఎవరి ఖాతాలో ఖర్చు పడుతోంది అన్న రెండు పెద్ద ప్రశ్నలు దాని వెనుక ఉన్నాయి. 2020లో స్టార్ మా చానల్‌లో మొదలై దాదాపు నాలుగేళ్లు నడిచిన ‘ఇంటింటి గృహలక్ష్మి’ ఇందుకు తెలుగులో దొరికే స్పష్టమైన ఉదాహరణ. అందులో తులసి అత్తమామలకూ పిల్లలకూ చాకిరీ చేస్తూ తన పేరు తానే మరచిపోయినంతగా ఇంట్లో కలిసిపోయిన గృహిణి కాగా, ఆమె భర్త నందగోపాల్, అంటే ఇంటిల్లిపాదీ నందు అని పిలిచే ఉద్యోగస్థుడు, ఆఫీసులో తనతో పనిచేసే లాస్యతో సంబంధం పెట్టుకొని, అది బయటపడిన తరువాత సిగ్గుపడడానికి బదులు భార్యకు చదువు లేదనీ నాగరికత తెలియదనీ నింద వేసి, చివరకు విడాకుల దాకా వెళతాడు. కథ ఇంతటితో ఆగి ఉంటే సానుభూతి చర్చకు తావే లేదు. అయితే ధారావాహిక ఆగలేదు. లాస్యతో కాపురం చెడి, పాత ఇంటి గుమ్మం ముందు చేతులు నలుపుకుంటూ నిలబడే నందును నెలల తరబడి చూపించింది, చూసినవాళ్ల నోట ‘పాపం’ అనిపించింది.

ఈ ‘పాపం’ అన్న మాట దగ్గర కొంచెం నిలవాలి. సంస్కృతంలో ప్రధానంగా దుష్కృత్యం అనే అర్థం ఉన్న ఈ పదాన్ని తెలుగు తీసుకొని, దానికి జాలి అనే రెండో అర్థాన్ని కలిపింది. చేసిన తప్పూ పాపమే, తప్పు చేసి చెడినవాణ్ని చూసి అనే మాటా పాపమే. ‘పాపం నందు’ అన్నప్పుడు పలికినవారు తీర్పు చెబుతున్నారో ఓదారుస్తున్నారో వాక్యం చెప్పదు, గొంతు చెబుతుంది. ఈ వ్యాసం పట్టించుకునేది ఆ గొంతునే.

చర్చకు ముందు మూడు మాటలను విడదీసుకోవడం అవసరం. జాలి అంటే పడినవాణ్ని పైనుంచి చూసి కలిగే మెత్తదనం. క్షమ అంటే నష్టపోయినవారు మాత్రమే ఇవ్వగలిగినది, చూసేవారి చేతిలో లేనిది. సానుభూతి అంటే ఎదుటివాడి అనుభూతిని తనదిగా అనుభవించడం. ఈ మూడోదానికి అలంకారశాస్త్రం, అంటే కావ్యనాటకాల తత్త్వాన్ని చర్చించే శాస్త్రం, సాధారణీకరణం అని పేరు పెట్టింది: రంగం మీది వ్యక్తి సుఖదుఃఖాలు ఒక వ్యక్తివి కాకుండా పోయి, సహృదయుడైన ప్రేక్షకుడి సుఖదుఃఖాలుగా మారడం. అలా మారడానికి ఆ పాత్రకు మాట్లాడే అవకాశం దొరకాలి. ఎవరి నోటి నుంచి కథ వింటామో వారి వైపే మనసు వాలుతుంది. వంచకుడైన భర్త పట్ల తెలుగువాళ్ల మనసు ఎప్పుడు వాలింది, ఎప్పుడు వాలలేదు అన్న చరిత్రను వెతకడానికి కృష్ణా డెల్టా దిగువ భాగం కంటే మంచి చోటు లేదు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల నడుమ ఉన్న ఈ కొద్దిపాటి మాగాణి ఆ కథను నాలుగు వందల ఏళ్లుగా పాటగా, ఆటగా, చలనచిత్రంగా చెబుతూనే ఉంది.

మొవ్వ: మాట ఆమెది

పదిహేడో శతాబ్దానికి చెందిన క్షేత్రయ్య స్వస్థలం కృష్ణా జిల్లా మొవ్వ అని సంప్రదాయం చెబుతుంది. ఆయన పదాలన్నింటికీ ముద్ర, అంటే రచయిత సంతకంగా వచ్చే పేరు, ఆ ఊరి దేవుడైన మువ్వగోపాలుడు. తంజావూరును ఏలిన విజయరాఘవ నాయకుడి ఆదరణ పొందిన ఈ పదాలను ఆడినవారూ పాడినవారూ దేవదాసీలు, కళావంతులు. పదాలలో అత్యధిక భాగం స్త్రీ నోట పలికినవే. ఆమెకు ఎదురుగా గానీ ఆమె తలపులో గానీ ఉండే పురుషుడు, చాలా చోట్ల, రాత్రి వేరొకచోట గడిపినవాడు.

ఇటువంటి పురుషులను శాస్త్రం ముందే నాలుగుగా విభజించి పెట్టింది. ఒక్కతెకే కట్టుబడినవాడు అనుకూలుడు. అనేకులున్నా అందరి పట్లా సమానంగా దయ చూపేవాడు దక్షిణుడు. ఎదుట తీయగా మాట్లాడి చాటున ద్రోహం చేసేవాడు శఠుడు. పరస్త్రీ సాంగత్యపు గుర్తులు ఒంటి మీద కనిపిస్తున్నా సిగ్గుపడనివాడు ధృష్టుడు. నాయికలనేమో ఎనిమిదిగా విభజించింది. వారిలో తెల్లవారి ఆ గుర్తులతో తిరిగివచ్చిన ప్రియుణ్ని గుమ్మంలో నిలదీసేది ఖండిత; కోపంతో అతణ్ని పంపేసి తరువాత తానే కుమిలేది కలహాంతరిత. ఈ పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. తప్పు చేసి పశ్చాత్తాపపడే పురుషుడికి నాలుగు గడుల్లో ఒక్కటీ లేదు, పశ్చాత్తాపం ఉన్న గడి కాస్తా స్త్రీకి దక్కింది. మగవాడి తప్పుకు ఆడదాని కుమిలిపాటు అన్న లెక్క టెలివిజన్ కనిపెట్టినది కాదు.

అయినా క్షేత్రయ్య ఆ లెక్కను తన పద్ధతిలో సరిచేశాడు. ఆయన పదాలలో తప్పు చేసినవాడికి సంజాయిషీ చెప్పుకునే వీలు సాధారణంగా దొరకదు. వెటకారం ఆమెది, ఏడుపు ఆమెది, తలుపు తీయాలా వద్దా అన్న నిర్ణయమూ ఆమెది. ఆమె తలుపు తీసినా అది అతని మీది జాలితో కాదు, తన కోరికతో. వినేవాడి మనసు ఆమె గొంతులోనే నివసిస్తుంది కాబట్టి, మువ్వగోపాలుడు సానుభూతికి అర్హుడా అన్న ప్రశ్న పుట్టడానికే చోటు లేదు. 1976లో వచ్చిన ‘మహాకవి క్షేత్రయ్య’ చిత్రంలో ఆ పాత్ర ధరించినది గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు. ఆడగొంతుతో రాసిన మగకవి వేషం, రంగస్థలంపై స్త్రీ వేషాలతో పేరు తెచ్చుకున్న నటుడికి దక్కింది.

కూచిపూడి: జడ కట్టిన మగవాళ్లు

మొవ్వకు కూతవేటు దూరంలోని కూచిపూడిలో ఇదే విషయం మరింత చిత్రమైన రూపం తీసుకుంది. సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపంలో సత్యభామకూ కృష్ణుడికీ అందం విషయంలో వాదులాట జరిగి, కృష్ణుడు అలిగి వెళ్లిపోతాడు. ఆమె విరహంతో, గర్వంతో, సవతి మీది మంటతో చెలికత్తె మాధవి చేత లేఖ పంపుతుంది. కలాపం అంటే ఒక ప్రధాన పాత్ర చుట్టూ సంభాషణలతో, పాటలతో, అభినయంతో నడిచే నాటకరూపం. ఇక్కడ ఆ పాత్ర భార్య. భర్త ఆలస్యంగా వస్తాడు, వచ్చినా కథ అతనిది కాదు. కూచిపూడి కళాకార కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు నియమం పెట్టాడని సంప్రదాయం చెప్పుకుంటుంది.

ఆ నియమంలోని సామాజిక తెలివిని భక్తి వ్యాఖ్యానాలు అంతగా పట్టించుకోలేదు. జీవాత్మ పరమాత్మల వియోగం అన్న అర్థం ఎలాగూ ఉంది. దానితో పాటు, ఇళ్లలో పెత్తనం చేసే పురుషులు తరతరాలుగా పొడవైన జడ వేసుకొని, తెర మీదుగా ఆ జడను సవాలుగా విసిరి, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి, అతను మరొకతె ఇంట ఉన్నాడన్న బాధను ఊరి నడుమ గంటల తరబడి అభినయించవలసి వచ్చింది. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా రంగం మీదకు వస్తే ఆయన పురుషుడన్న మాటే చూసేవారికి స్ఫురించేది కాదని ప్రతీతి. వంచకుడైన భర్త మనసులోకి తొంగిచూడమని కూచిపూడి ఎవరినీ అడగలేదు. అతని స్థానంలో ఉండదగిన మగవాళ్లనే తీసుకువెళ్లి ఆమె స్థానంలో నిలబెట్టింది. ఇప్పుడు ఆ వేషం ఎక్కువగా స్త్రీలే కడుతున్నారు. కళకు అది మేలే కావచ్చు, మగవాళ్లకు ఆ పాఠం మాత్రం తప్పింది.

భర్త తప్పును తెలుగు కావ్యం పూర్తిగా చూడనట్టు వదిలేసిందని అనుకోవడం కూడా సరికాదు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో రుక్మిణికి పువ్వు ఇచ్చి వచ్చిన కృష్ణుడు కోపగృహంలో, అంటే అలిగిన రాణి తలుపు బిగించుకునే గదిలో, సత్యభామ కాళ్ల మీద పడి ఆమె ఎడమకాలి తాపు తలమీద తింటాడు. దక్షిణ నాయకుడికి సైతం సానుభూతి ఊరికే రాలేదన్నమాట. కిరీటం కింద పెట్టాక వచ్చింది.

బందరు, నిమ్మకూరు: కాళ్లు పోయిన కథానాయకుడు

చలనచిత్రం వచ్చేసరికి కథ చెప్పే గొంతు మగవాడికి బదిలీ అయింది. 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’ దర్శకుడు కమలాకర కామేశ్వరరావు మచిలీపట్నంలో, అంటే బందరులో, పుట్టినవాడు, కథానాయకుడు నందమూరి తారక రామారావు నిమ్మకూరులో పుట్టినవాడు, ఆ కథానాయకుడికి పశ్చాత్తాపపు పాట పాడిన ఘంటసాల వెంకటేశ్వరరావు గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టినవాడు. ముగ్గురు డెల్టావాసులు కలిసి తెలుగు తెరకు అత్యంత విజయవంతమైన పశ్చాత్తప్త భర్తను తయారుచేశారు. పుండరీకుడు ఇంట్లో ఇల్లాలు ఉండగా కళావతి అనే వేశ్య మోహంలో పడి, కన్నవాళ్లను ఇంటి నుంచి వెళ్లగొట్టి, అన్నీ పోగొట్టుకొని, చివరకు కాళ్లు కోల్పోయి నేల మీద పాకుతూ దేవుణ్ని పిలుస్తాడు. ప్రేక్షకుల కళ్లు చెమర్చాయి, నేటికీ చెమరుస్తాయి.

ఎవరికి చేసిన అపచారానికి ఆ ఏడుపు అని అడిగితే మాత్రం జవాబు ఇబ్బంది పెడుతుంది. పుండరీకుడు క్షమాపణ వేడుకునేది తల్లిదండ్రులను. ఇది మాతాపితృభక్తి కథ కాబట్టి కాళ్లు తిరిగి వచ్చేదీ వారి పాదాల దగ్గరే. భార్య రమకు చేసిన ద్రోహం ఆ పెద్ద క్షమాపణలో చిల్లరగా కలిసిపోతుంది, ఆమెను ప్రత్యేకంగా ఎవరూ అడగరు. అదే దర్శకుడు, అదే నటుడు కృష్ణుడిగా, 1966లో తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’ మరో అడుగు ముందుకు వేసి, ఇద్దరి మధ్య తిరిగే భర్తను మందహాసంతో నిలబెట్టి, ప్రశ్నించిన సత్యభామ అహంకారాన్ని త్రాసులో తూచింది. పౌరాణికంగా ఆ కథ గొప్పదే, జమున సత్యభామ మరపురానిదే. అయితే భార్య కోపమే నేరంగా మారడం అక్కడ చూడవచ్చు.

బలహీనుడైన పురుషుడి మీద తెలుగువాళ్లకు ఉన్న ప్రేమకు మరో మూలం 1953 నాటి ‘దేవదాసు’. దాని దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడివాడు, నటుడు రామాపురం వాడు, గాయకుడు చౌటపల్లి వాడు. ఇక్కడ ఒక తేడా ఉంది. దేవదాసు ఎవరికీ భర్త కాదు, తాగి ముఖ్యంగా తన్ను తాను నాశనం చేసుకున్నవాడు. అతనికి ఇచ్చిన కన్నీటిని అదే కొలతతో నందుకు పోయడం లెక్క తప్పడమే, ఎందుకంటే నందు తనను కాల్చుకోలేదు, ఇంటిని కాల్చాడు.

సానుభూతి తయారయ్యే తీరు

ఈ జిల్లాలోని పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1995 ఆగస్టు 27న ఈటీవీని ప్రారంభించారు. అదే ఏడాది జెమినీ వచ్చింది. ఆ తరువాత రోజువారీ ధారావాహిక తెలుగిళ్ల సాయంత్రాలను ఆక్రమించింది. చలనచిత్రంలో పాపి రెండున్నర గంటలలో పడి లేవాలి. ధారావాహికలో అతడు వారానికి ఐదారు రోజులు, అదే వేళకు, ఇంట్లో మనిషిలా వస్తాడు. నాగాయలంకలోనో పెడనలోనో అన్నం వండుతూ, పూలు కడుతూ, చేతులు పనిలో ఉండగా చెవులతో కూడా అనుసరించగల రూపం అది. రోజూ వినపడే గొంతు మీద పూర్తిగా అసహ్యం నిలుపుకోవడం మనిషికి కష్టం. అలవాటు సగం క్షమించేస్తుంది. నందు తొలి వందల భాగాలలో శఠుడు, గుట్టు రట్టయ్యాక ధృష్టుడు, అటు తరువాత రచయితలు అతణ్ని మెల్లగా అనుకూలుడి గడిలోకి నెట్టారు. టీఆర్పీ, అంటే ఎంతమంది చూస్తున్నారో వారం వారం చెప్పే కొలత, బాగున్నంతకాలం ఏ ముఖ్యపాత్రా కథ విడిచి పోవడానికి వీలు లేదు. విడిచిపోలేని దుర్మార్గుణ్ని రోజూ భరించాలంటే అతణ్ని కొంత మంచివాణ్ని చేయక తప్పదు.

మంచివాణ్ని చేసిన పద్ధతి దగ్గరే అసలు అభ్యంతరం. నందు పశ్చాత్తాపం లోతుగా తవ్వి చూపినది కాదు. అతని తప్పును కొద్దికొద్దిగా లాస్య నెత్తికి ఎత్తగా వచ్చినది. మొదట్లో ఇద్దరూ సమాన భాగస్వాములు. క్రమంగా ఆమె ఆస్తికి ఆశపడేదిగా, కుట్రలు పన్నేదిగా, పిల్లలను విడదీసేదిగా పెరిగింది. ఆమె పెరిగినంత మేరా అతడు అమాయకుడయ్యాడు. ‘కార్తీకదీపం’ (2017–2023) ధారావాహిక ఇదే పనిని మరో నేరం విషయంలో చేసింది. అక్కడ కథానాయకుడైన డాక్టర్ బాబు తప్పు పరస్త్రీ వ్యామోహం కాదు, కట్టుకున్న భార్య శీలాన్ని శంకించి కడుపులోని బిడ్డలను కాదనడం. అంత పెద్ద దోషమూ అతని మీద కన్నేసిన మోనిత పన్నాగాల పద్దులోకి వెళ్లిపోయి, జనం అతణ్ని అభిమానించడానికి అడ్డు లేకపోయింది. ‘చిన్నిల్లు’ అనే తెలుగు మాటలో రెండో స్త్రీకి పేరు కూడా ఉండదు, ఆమె ఒక ఇల్లు మాత్రమే. ధారావాహిక ఆమెకు పేరు పెట్టింది, పెట్టి నేరమంతా ఆ పేరు మీద రాసింది.

ఇది తప్పనిసరి కాదనడానికి సాక్ష్యం అదే కథకున్న ఇతర రూపాలు. ‘గృహలక్ష్మి’కి మాతృక 2019లో మొదలైన బెంగాలీ ‘శ్రీమయి’. అదే హిందీలో ‘అనుపమా’ అయింది, తమిళంలో ‘బాక్యలక్ష్మి’ అయింది. తమిళ రూపంలో భర్త గోపి ప్రేమించిన రాధిక, అతడు తన స్నేహితురాలి భర్తే అన్న సంగతి తెలియక మోసపోయిన స్త్రీగా పరిచయమవుతుంది. అందువల్ల గోపి దొంగచాటు వ్యవహారం రెండు వైపులా ద్రోహంగా కనిపిస్తుంది, అతని గాభరా ఎక్కువగా నవ్వు పుట్టిస్తుంది. నవ్వుతూనే ప్రేక్షకులు అతణ్ని ఇష్టపడ్డారు, నేరం మాత్రం అతని మీదే ఉండిపోయింది. ఈ నవ్వులో నిజాయతీ ఎక్కువ.

నందు పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. మనసు కలవని పెళ్లిళ్లు ఈ సమాజంలో కోకొల్లలు; పెద్దలు కుదిర్చిన సంబంధంలో భార్య ఎంత మూగగా నలిగిపోయిందో, భర్త కూడా అంత మూగగా విసిగిపోయి ఉండవచ్చు; నడివయసులో తానెవరికీ అక్కరలేనివాణ్నన్న భయం మగవాణ్ని వెర్రివాణ్ని చేయవచ్చు. ఇవన్నీ నిజాలే, మంచి రచయిత చేతిలో పడితే గొప్ప పాత్రకు ముడిసరుకు. అయితే ఆ భయాన్ని తులసి ముందు ఒప్పుకొని, విడిపోదామని మొదటే అనగలిగే దారి అతనికి తెరిచే ఉంది. అతడు ఎంచుకున్నది ఇంటి కూడు, బయటి ముచ్చట రెండూ కలిసివచ్చే దారి. ఆడది తిరిగి చెడుతుంది, మగాడు తిరక్క చెడతాడు అన్న సామెత ఉన్న భాషలో అతనికి ప్రత్యేకంగా వకాల్తా అవసరం లేదు, అది పుట్టుకతోనే దాఖలైంది.

చట్టమూ చాలాకాలం అదే వకాల్తా పుచ్చుకుంది. హిందువులలో బహుభార్యత్వాన్ని మద్రాసు రాష్ట్రం 1949లో నిషేధించేదాకా ఈ డెల్టాలో రెండో పెళ్లి మగవాడికి నేరమే కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. వ్యభిచారాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. ఉన్నన్నాళ్లూ ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేయగలిగినది పరాయి పురుషుడితో వెళ్లిన స్త్రీ భర్త మాత్రమే. తన భర్త దారి తప్పాడని మొరపెట్టుకునే హక్కు అందులో భార్యకు లేదు. విడాకులకు వ్యభిచారం ఇప్పటికీ కారణంగా చెల్లుతుంది. తులసి చేతిలో ఉన్న ఆయుధం అది, ధారావాహిక ఆమె చేత దాన్ని వాడించింది కూడా. ఆ ఒక్క విషయంలో ‘గృహలక్ష్మి’ పాత చలనచిత్రాల కంటే ధైర్యంగా నిలిచింది.

అందువల్ల తీర్పు ఇది: నందు బాధపడుతున్నప్పుడు అతని బాధ మీద మనసు కరగడంలో తప్పు లేదు, కానీ అతడు సానుభూతిని సంపాదించుకోలేదు, లాస్యను రాక్షసిని చేయగా మిగిలినది అతనికి దక్కింది. క్షమ అన్నది ఉంటే దాన్ని ఇవ్వవలసినది తులసి, ఆమె ఇవ్వకపోయినా కథ చెడదు. సాయంత్రం తెర ముందు ‘పాపం’ అన్న మాట నోటికి వచ్చినప్పుడల్లా, సరిగ్గా ఆ క్షణానికి రెండో స్త్రీ ఏ గదిలో ఏ కుట్ర పన్నుతున్నట్టు చూపించారో ప్రేక్షకులు ఒక్కసారి గమనించాలి.